కథల లోహాలు, కొలిమి లోహాలు

ఇరవయ్యో శతాబ్దపు ఆంగ్ల కల్పనా సాహిత్యం కొన్ని లోహాలను పుట్టించింది. 1954–55 సంవత్సరాల్లో వెలువడిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో జె.ఆర్.ఆర్. టోల్కీన్ వర్ణించిన మిత్రిల్ వెండిలా మెరుస్తుంది, ఉక్కును మించిన గట్టిదనం ఉన్నా కవచంగా తొడుక్కున్నవారికి బరువు తెలియనివ్వదు. మార్వెల్ కామిక్ పుస్తకాల్లో 1966లో కనిపించిన వైబ్రేనియం తనమీద పడిన దెబ్బనూ కంపాన్నీ మింగేస్తుంది. 1969లో అదే సంస్థ కథల్లోకి వచ్చిన అడమాంటియం దేనికీ విరగదు. వీటిలో మిత్రిల్ మోరియా అనే ఒకే ఒక ప్రాచీన గని గర్భంలో దొరుకుతుంది, వైబ్రేనియం ఆకాశం నుంచి పడిన ఉల్కతోపాటు వస్తుంది, అంటే వాటి మహిమ అవి పుట్టిన చోటులోనే ఉంటుంది. ఇనుమును తాకి బంగారం చేసే పరుసవేది గురించి తెలుగు నేలమీద తరతరాలుగా చెప్పుకున్న కథల్లోనూ ఉన్నది ఇదే నమ్మకం: శక్తి రాయిలో ఉంది, దాన్ని దొరకబుచ్చుకోవడమే మనిషి పని. అడమాంటియం ఒక్కటే కొంత వేరు. కథ ప్రకారం కూడా అది మనిషి కలిపి చేసిన మిశ్రలోహం, దాని తయారీ విధానం రహస్యం. నిజమైన లోహశాస్త్రానికి దగ్గరగా వచ్చిన ఊహ అదే.

పదార్థ శాస్త్రవేత్తలు ఈ కథల నుంచీ, వీటికన్నా పాతవైన పురాణాల నుంచీ పేర్లను ధారాళంగా తీసుకున్నారు. ఆ పేర్లు పెట్టుకున్న పదార్థాలను ఒక్కొక్కటిగా పరిశీలిస్తే, వాటి గొప్పదనం పుట్టుకలో కన్నా తయారీలో ఉన్నదని తెలుస్తుంది. ఏ ధాతువుతో ఏది ఎంత కలిపారు, ఎంత వేడిచేశారు, ఎంత మెల్లగా చల్లార్చారు, అణువులను ఏ వరుసలో నిలబెట్టారు అన్నవే వాటి గుణాన్ని నిర్ణయిస్తాయి. ఈ మాటకు బలమైన సాక్ష్యాలు తెలంగాణలోనే, అందులోనూ ఒకటి పినపాక అడవుల అంచున, దొరుకుతున్నాయి.

కల్పిత లోహం పేరును సూటిగా తీసుకున్న పదార్థం మిత్రీన్. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాలలో నేథన్ హోమన్ బృందం 2018లో ఈ పేరుతో దాన్ని వివరించింది. రసాయనికంగా అది సిల్వర్ ఫీనైల్‌సెలినోలేట్. వెండి, సెలీనియం అణువులకు ఆరు కార్బన్‌ల వలయాలు అతుక్కుని ఏర్పడే స్ఫటికం. పేరును బట్టి గట్టి కవచాన్ని ఊహించుకుంటే పొరపాటవుతుంది, ఎందుకంటే మిత్రీన్ అసలు లోహమే కాదు, అది అర్ధవాహకం. అతినీలలోహిత కాంతి పడితే 467 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర నిర్మలమైన నీలికాంతిని వెలువరిస్తుంది. దాని నిర్మాణం ఆత్రేయపురం పూతరేకు మడతలను తలపిస్తుంది: వెండి–సెలీనియం అణువుల అతి పలుచని రేకు, దానికి పైనా కిందా కార్బన్ వలయాల పూత, ఆ పైన మరో రేకు, ఇలా వేల పొరలు. మాలిబ్డినమ్ డైసల్ఫైడ్ వంటి పేరుపొందిన పొరల పదార్థాలు ఒక్క పొరగా విడదీసినప్పుడే బలంగా వెలుగుతాయి, దొంతరగా ఉంటే ఒక పొరలోని ఎలక్ట్రాన్ల ప్రవర్తనను పక్క పొర మార్చివేసి ఆ వెలుగును తగ్గిస్తుంది. మిత్రీన్‌లో కార్బన్ వలయాలు విద్యుత్తును పోనివ్వని గోడలుగా నిలిచి ప్రతి రేకునూ వేరుగా ఉంచుతాయి కాబట్టి, దొంతర ఎంత మందంగా ఉన్నా అది విడివిడి రేకుల సమూహంలాగానే వెలుగుతుంది. దీన్ని తయారుచేయడానికి వెండి పూత ఉన్న పలకను సెలీనియం సమ్మేళనపు ఆవిరిలో, వంటింటి పొయ్యికి సాధ్యమైన పాటి వేడిలో ఉంచితే చాలు, స్ఫటికం దానంతట అదే పేర్చుకుంటుంది. వెండిగానీ సెలీనియంగానీ ఏ మోరియా గనిలోనో దాగినవి కావు. ఆ పేర్పు కొత్తది.

దీని తోబుట్టువులైన మరో రెండు స్ఫటికాలకు థయోరీన్, టెథ్రీన్ అని పేర్లు పెట్టారు. సెలీనియం స్థానంలో ఒకదానిలో గంధకం, రెండోదానిలో టెల్లూరియం ఉంటాయి. ఇవి పొడిగానే ఏర్పడతాయి తప్ప, ఎక్స్-కిరణాలతో నిర్మాణం తేల్చడానికి కావలసినంత పెద్ద స్ఫటికాలుగా పెరగవు. స్టాన్‌ఫర్డ్‌లోని ఎక్స్-కిరణ లేజరు వెలువరించే అత్యల్పకాలిక మెరుపులను వేల సూక్ష్మస్ఫటికాలమీద ఒకదాని తర్వాత ఒకటిగా పంపి, వచ్చిన చిత్రాలన్నిటినీ కలిపి గణించి, 2022లో వాటి నిర్మాణాలను ప్రకటించారు.

పురాణాల పేర్లు పెట్టుకున్న మూలకాలు అంతకు చాలా ముందే ఉన్నాయి. జర్మన్ రసాయన శాస్త్రవేత్త మార్టిన్ క్లాప్రోత్ 1795లో టైటానియానికి గ్రీకు పురాణాల్లో భూదేవి బిడ్డలైన టైటన్‌ల పేరు పెట్టాడు. నికెల్, కోబాల్ట్ పేర్ల వెనుక జర్మన్ గని కార్మికుల భయాలున్నాయి: రాగిలా కనిపించి రాగినివ్వని ఖనిజాన్నీ, కరిగిస్తే విషపు పొగలు వదిలే ఖనిజాన్నీ గనిలోని దుష్టభూతాలు మోసగించి పెట్టాయని వారు నమ్మారు. అలా తిట్లుగా పుట్టిన పేర్లున్న ఆ రెండు లోహాలూ ఇవాళ విమాన ఇంజన్లకు ఆధారంగా నిలిచాయి. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో 1973లో ఏర్పడిన మిశ్ర ధాతు నిగమ్ టైటానియం, నికెల్, కోబాల్ట్ మిశ్రలోహాలను కరిగించి దేశ రక్షణ, అంతరిక్ష, అణుశక్తి రంగాలకు సరఫరా చేస్తోంది.

పినపాక ప్రాంతంలో తయారయ్యే భారజలంతో ముడిపడినది నియోబియం. గ్రీకు కథలో టాంటలస్ శాపగ్రస్తుడు, గొంతుదాకా నీళ్లలో నిలబడినా ఒక్క చుక్క తాగలేడు. ఆమ్లంలో ముంచినా దాన్ని పీల్చుకోని ఒక ఖనిజాన్ని చూసి స్వీడన్ శాస్త్రవేత్త ఎకెబర్గ్ 1802లో అందులోని మూలకానికి టాంటలం అని పేరుపెట్టాడు. దానికి ఎప్పుడూ జంటగా దొరికే మరో మూలకాన్ని హైన్రిక్ రోస్ 1844లో వేరుగా గుర్తించి, టాంటలస్ కుమార్తె నియోబీ పేరు పెట్టాడు. బిడ్డల మరణానికి ఏడ్చి ఏడ్చి రాయిగా మారిన తల్లి ఆమె. అదే మూలకాన్ని 1801లోనే ఛార్లెస్ హాచెట్ కొలంబియం పేరుతో ప్రకటించి ఉన్నందున ఆ రెండు పేర్ల పోటీ నూరేళ్లకు పైగా సాగి, చివరికి నియోబీకే అంతర్జాతీయ గుర్తింపు దక్కింది.

పినపాక శాసనసభ నియోజకవర్గంలోని అశ్వాపురం దగ్గర, గోదావరి నీటినీ మణుగూరు గనుల బొగ్గునూ నమ్ముకుని కట్టిన భారజల కర్మాగారం 1991లో ఉత్పత్తి ప్రారంభించింది. సాలీనా 185 టన్నుల సామర్థ్యం గల ఆ కర్మాగారానికి మణుగూరు పేరే స్థిరపడింది. మామూలు హైడ్రోజన్ కేంద్రకంలో ఒక ప్రోటాన్ మాత్రమే ఉండగా, డ్యుటీరియం కేంద్రకంలో దానితోపాటు ఒక న్యూట్రాన్ కూడా ఉంటుంది. ఈ బరువైన హైడ్రోజన్‌తో ఏర్పడిన నీరే భారజలం. గోదావరిలో ప్రవహించే నీటిలోని ప్రతి పది లక్షల హైడ్రోజన్ అణువుల్లో సుమారు నూటయాభై మాత్రమే డ్యుటీరియం అయినందున, అంత పలుచగా కలిసిపోయినదాన్ని రసాయన గుణంలో దాదాపు ఏ తేడా లేని తక్కిన హైడ్రోజన్ నుంచి విడదీయడం కష్టసాధ్యం. మణుగూరులో వాడే పద్ధతి నీటికీ, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుకూ మధ్య జరిగే మార్పిడి మీద ఆధారపడుతుంది. సుమారు 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచిన శీతల గోపురంలో డ్యుటీరియం వాయువును విడిచి నీటిలోకి చేరడానికి ఎక్కువ మొగ్గు చూపుతుంది, సుమారు 130 డిగ్రీల వేడి గోపురంలో ఆ మొగ్గు తగ్గి తిరిగి వాయువులోకి వస్తుంది. ఈ చిన్న తేడానే ఆసరా చేసుకుని ఎత్తైన గోపురాల్లో నీటినీ వాయువునూ ఎదురెదురుగా పదేపదే నడిపించి, దశలవారీగా గాఢత పెంచి, చివరికి శూన్యంలో ఆవిరిపట్టి 99.8 శాతానికి మించిన భారజలాన్ని రాబడతారు. హైడ్రోజన్ సల్ఫైడ్ ప్రాణాంతకమైన విషవాయువు, ఉక్కును తినేసేది; కాబట్టి ఆ గోపురాల నిర్వహణే ఒక పెద్ద విద్య. అశ్వాపురం కార్మికులకూ ఇంజనీర్లకూ దేశం రుణపడి ఉన్నది ఈ ఓపికకే.

ఇంత శ్రమపడి తీసిన భారజలం అణు రియాక్టరులో న్యూట్రాన్లను మింగకుండా వాటి వేగాన్ని తగ్గిస్తుంది కాబట్టి, గాఢత పెంచని సహజ యురేనియంతోనే రియాక్టరును నడపవచ్చు. మరి న్యూట్రాన్లను అంత పొదుపుగా వాడుకునే చోట, ఇంధనాన్నీ వేడెక్కిన భారజలాన్నీ పట్టి ఉంచే గొట్టం కూడా న్యూట్రాన్లను మింగకూడదు. ఉక్కు ఇందుకు పనికిరాదు. జిర్కోనియం పనికివస్తుంది, అయితే సముద్రతీరపు ఇసుకలోని జిర్కాన్ ఖనిజంలో జిర్కోనియంతోపాటు రసాయనికంగా దాని కవల అనదగిన హాఫ్నియం ఉంటుంది, అది న్యూట్రాన్లను జిర్కోనియం కన్నా కొన్ని వందల రెట్లు ఎక్కువగా మింగుతుంది. 1971లో స్థాపించిన హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ మొదట చేసే పని ఈ కవలలను వేరుచేయడం.

వేరుచేసిన జిర్కోనియానికి రెండున్నర శాతం నియోబియం కలపడంతో అసలు కథ మొదలవుతుంది. ఈ గొట్టాల్లో సుమారు 300 డిగ్రీల వేడిలో, వాతావరణ పీడనానికి ఎన్నో పదుల రెట్ల ఒత్తిడిలో, భారజలం ఏళ్ల తరబడి ప్రవహిస్తుంది. నీటితో జిర్కోనియం మెల్లగా చర్య జరిపి పైన ఆక్సైడు పొర ఏర్పడుతుండగా, విడుదలైన డ్యుటీరియంలో కొంత లోహంలోకి చొరబడుతుంది. లోహం ఇముడ్చుకోగల పరిమితి దాటాక అది రేకుల్లాంటి హైడ్రైడు స్ఫటికాలుగా పేరుకుని, సాగే గుణమున్న లోహాన్ని పెళుసుగా మారుస్తుంది. 1983 ఆగస్టులో కెనడాలోని పికరింగ్ రెండో రియాక్టరులో జిర్కలాయ్-2 అనే పాత మిశ్రలోహంతో చేసిన గొట్టం ఒకటి ఇలాగే పగిలింది. జిర్కోనియం–నియోబియం మిశ్రమం అంతకన్నా బలంగా ఉండడమే కాక డ్యుటీరియాన్ని తక్కువగా పీల్చుకుంటుంది, అందువల్ల భారతదేశం కూడా కాక్రపార్ రెండో రియాక్టరు నుంచి దాన్నే వాడుతోంది. 220 మెగావాట్ల రియాక్టరు ఒక్కదానికి ఇటువంటి గొట్టాలు 306 కావాలి.

నియోబియం కలిపితే చాలదు. శూన్యంలో విద్యుత్ చాపంతో ఆ మిశ్రమాన్ని ఒకటికి రెండుసార్లకు మించి కరిగిస్తారు, ఎందుకంటే వేడి జిర్కోనియం గాలి తగిలితే ప్రాణవాయువును పీల్చుకుని పాడవుతుంది. ఆ పోతదిమ్మను వేడిగా అచ్చులోంచి నెట్టి గొట్టంగా సాగదీసి, చల్లారాక రోలర్ల మధ్య మళ్లీ సాగదీసి, చివరికి 400 డిగ్రీల ఆవిరిలో గంటల తరబడి ఉంచుతారు. ఈ క్రమంలో జిర్కోనియం రేణువులు పొడవుగా సాగి, వాటి సందుల్లో నియోబియం ఎక్కువగా ఉన్న పలుచని పొర నిలుస్తుంది, గొట్టం బలం ఆ అల్లికలో ఉంది. అదే రెండున్నర శాతం నియోబియంతో మరో విధంగా వేడిచేసి మరో విధంగా చల్లార్చిన గొట్టం ఆ పనికి సరిపోకపోవచ్చు.

పురాణం పేరున్న లోహాల్లో కథకు మరింత దగ్గరగా వచ్చినవి నికెల్ సూపర్ మిశ్రలోహాలు. సాధారణంగా లోహం వేడెక్కేకొద్దీ మెత్తబడుతుంది. నికెల్, అల్యూమినియం అణువులు మూడుకొకటి చొప్పున క్రమంగా పేర్చుకుని ఏర్పడే సూక్ష్మకణాలు మాత్రం కొన్ని వందల డిగ్రీల దాకా వేడెక్కేకొద్దీ గట్టిపడతాయి, ఎందుకంటే వేడికి వాటిలోని అణు వరుసల జరుగుబాటు చిక్కుబడి ఆగిపోతుంది. ఇంజన్ టర్బైన్ రెక్కలో మరో బలహీనత రేణువుల సరిహద్దులు: ఎర్రగా కాగిన లోహం అపకేంద్ర బలానికి మెల్లగా సాగేది ఆ సరిహద్దుల వెంబడే. సరిహద్దులే లేకుండా రెక్క మొత్తాన్ని ఒకే స్ఫటికంగా పోతపోయడం దీనికి పరిష్కారం. మైనంతో రెక్క నమూనా చేసి, దానిమీద పింగాణీ పూత పెంచి, మైనాన్ని కరిగించి తీసేసి, ఆ ఖాళీ మూసలో లోహాన్ని శూన్యంలో పోస్తారు. దేవతా విగ్రహాల స్థపతులు శతాబ్దాలుగా వాడుతున్న మైనపు పద్ధతి ఇదే. మూస అడుగున మెలికలు తిరిగిన సన్నని దారి ఒకటుంటుంది, గడ్డకట్టడం మొదలైన అనేక స్ఫటికాల్లో ఒక్కటే ఆ మెలికలు దాటి పైకి వచ్చి రెక్కంతా పరుచుకుంటుంది. హైదరాబాద్‌లోని రక్షణ లోహశాస్త్ర పరిశోధనశాల ఈ విద్యను సాధించి, హెలికాప్టర్ ఇంజను కోసం చేసిన 60 ఏకస్ఫటిక రెక్కలను హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌కు అందజేసినట్టు 2021లో ప్రకటించారు.

ఇంతవరకూ చెప్పినవి కథ నుంచి పదార్థానికి వచ్చిన పేర్లు. తెలంగాణలో పుట్టిన ఒక పదార్థం మాత్రం కథల్లోకి వెళ్లింది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కాచిన ఉక్కు పారశీక దేశానికి ఎగుమతై, అక్కడి కమ్మరుల చేతుల్లో నీటి అలల వంటి చారలున్న కత్తులుగా మారింది. అటువంటి చారల ఉక్కుకు ఐరోపాలో డమాస్కస్ పేరు స్థిరపడింది. పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే చారలు తేల్చడానికి పనికివచ్చే ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచి వస్తుందని నమోదు చేశాడు. వాల్టర్ స్కాట్ 1825 నాటి ‘ది టాలిస్మన్’ నవలలో సలాదీన్ కత్తి మెత్తని దిండునూ, గాలిలో తేలే మేలిముసుగునూ చీల్చే ఘట్టం పెట్టాక, ఆ కత్తులకు మహిమలు అంటగట్టని కథకుడు అరుదయ్యాడు. నేటి కాల్పనిక నవలల్లోని మాయా ఉక్కులకు మూలరూపంగా ఆ డమాస్కస్ కత్తినే చెప్పుకోవాలి.

కోనసముద్రం కొలుములను 1820 ప్రాంతంలో పరిశీలించిన హెన్రీ వాయ్సీ రాసిన వివరణ ఆయన మరణానంతరం 1832లో అచ్చయింది. అక్కడి కమ్మరులు రెండు ప్రాంతాల నుంచి తెచ్చిన రెండు రకాల ఇనుమును నిర్ణీత పాళ్లలో కలిపేవారు. వాటిలో ఒకటి అయస్కాంత గుణమున్న నల్ల ఇసుక నుంచి తీసినది. మూత పెట్టిన మూసను బొగ్గు కొలిమిలో ఒక రోజంతా కాచి, మెల్లగా చల్లారనిచ్చి, వచ్చిన ముద్దను మట్టి పూసి తక్కువ వేడిలో మళ్లీ మళ్లీ కాల్చి పెళుసుదనం తగ్గించేవారు. ఇస్పహాన్ నుంచి వచ్చి అక్కడ నిలిచిన పారశీక వ్యాపారి ఒకరు, తమ దేశంలో దీన్ని అనుకరించడానికి చేసిన ప్రయత్నాలు ఫలించలేదని వాయ్సీకి చెప్పాడు. ఐరోపా శాస్త్రవేత్తలూ అదే ప్రయత్నంలో పడ్డారు. 1795లో లండన్‌లో జార్జ్ పియర్సన్ భారతదేశపు మూస ఉక్కు నమూనాలను పరీక్షించాడు, 1819లో మైఖేల్ ఫారడే విశ్లేషించాడు; మిశ్రలోహాల శాస్త్రానికి పడిన తొలి అడుగుల్లో వీరి పరిశోధనలున్నాయి.

ఆ ఉక్కులో కార్బన్ సుమారు ఒకటిన్నర శాతం. ఐరోపా కమ్మరులకు అలవాటైనట్టు తెల్లగా కాగే దాకా వేడిచేసి కొడితే అది ముక్కలైపోతుంది, కాబట్టి ఎర్రని వేడిలోనే ఓపికగా సాగగొట్టాలి. చారల రహస్యాన్ని 1990లలో అయోవా రాష్ట్ర విశ్వవిద్యాలయపు జాన్ వెర్‌హోవన్, కత్తుల కమ్మరి ఆల్ఫ్రెడ్ పెండ్రే కలిసి ఛేదించారు. పండితుడూ కమ్మరీ ఒకే కొలిమి దగ్గర నిలబడినందువల్లే ఈ పరిశోధన సాధ్యపడింది. ఉక్కు మూసలో మెల్లగా గడ్డకట్టేటప్పుడు వనేడియం వంటి అశుద్ధాలు స్ఫటిక శాఖల సందుల్లోకి నెట్టబడి వరుసలుగా నిలుస్తాయి. కత్తిని పదేపదే కాచి కొట్టే క్రమంలో సిమెంటైట్ అనే గట్టి ఇనుము–కార్బన్ సమ్మేళనపు కణాలు ఆ వరుసల వెంబడి మాత్రమే పెరుగుతాయి. ఆమ్లం పూసినప్పుడు ఆ కణాలు తెల్లగా, తక్కిన ఉక్కు నల్లగా తేలి అలలు కనిపిస్తాయి. ఇందుకు పది లక్షల పాళ్లలో నలభై పాళ్ల వనేడియం సరిపోతుందని వారు చూపించారు. వనేడియం కూడా కథ పేరే: 1830లో స్వీడన్‌కు చెందిన సెఫ్‌స్ట్రోమ్ తమ పురాణాల్లోని సౌందర్యదేవత వనాడిస్ పేరు దానికి పెట్టాడు. ఆ పేరు పుట్టకముందే, ఆ మూలకం సంగతి ఎవరికీ తెలియకముందే, కొలిమిలో దాని పని జరుగుతూ ఉండేది.

ఖనిజానికి ఇందులో పాత్ర లేదనడం సరికాదు, ఆ కొద్దిపాటి వనేడియం వచ్చింది ఖనిజంలోంచే. అయినా అదే ఖనిజాన్ని మామూలు కొలిమిలో కరిగిస్తే వచ్చేది నాగటికర్రుకు పనికివచ్చే ఇనుమే. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టం ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారపు సాధ్యాసాధ్యాలను పరిశీలించాలని చెప్పినప్పటి నుంచి అక్కడి బయ్యారం ఇనుప ఖనిజం గురించి సాగుతున్న చర్చలో టన్నుల లెక్కకు దక్కినంత చోటు, ఆ ఖనిజాన్ని ఏ విద్యతో ఏ రకం ఉక్కుగా మార్చాలన్న ప్రశ్నకు కూడా దక్కడం న్యాయం.

కోనసముద్రం విద్యలో అన్నిటికన్నా తక్కువ పేరు వచ్చినది మూస. థెల్మా లోవ్ అనే పరిశోధకురాలు 1980లలో ఆ మూసల ముక్కలను సూక్ష్మదర్శినిలో పరీక్షించి, ఇనుము ఎక్కువగా ఉన్న బంకమట్టిలో వరిపొట్టు దట్టించి వాటిని చేశారని తేల్చారు. కాలిన పొట్టు లోపల కార్బన్‌నూ సిలికానూ మిగులుస్తుంది, కొలిమి వేడిలో మట్టిలోంచి ములైట్ అనే సన్నని సూదుల్లాంటి స్ఫటికాలు అల్లుకుంటాయి. ఈ రెండూ కలిసి, కరిగిన ఉక్కును ఒక రోజంతా మోసినా కుంగిపోని కవచాన్ని ఏర్పరుస్తాయి. నేటి భాషలో అది మిశ్రమ పింగాణీ, అధునాతన పదార్థాల జాబితాలోనే చేరవలసినది. 2010లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్డ్ స్టడీస్ కలిసి ఉత్తర తెలంగాణలో జరిపిన క్షేత్ర పరిశీలనలో చిట్టెపు దిబ్బలూ మూస ముక్కలూ ఊరూరా నమోదయ్యాయి. చారల కత్తులను ఐరోపా మ్యూజియాలు అద్దాల వెనుక భద్రపరుస్తున్నాయి. కత్తి ఎలా పుట్టిందో చెప్పగల ఈ ముక్కలు పొలం గట్లమీదా చెరువు కట్టలకిందా ఉన్నాయి, వాటికి కూడా అదే శ్రద్ధ దక్కాలి, దున్నేవారికీ రోడ్డు వేసేవారికీ వాటి విలువ ముందుగా తెలియాలి.